నాలుగేళ్ళ చెక్క

మేస్త్రి టేకు ముక్కను చెంపకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఏమంటోంది?" అంది కండక్టరమ్మ.

"ఏమీ అనదమ్మా. చల్లగా ఉందా లేదా అని చూస్తున్నా. చల్లగా ఉంటే లోపల ఇంకా నీళ్ళున్నట్టు."

ముక్కను ఆమె చేతికిచ్చాడు. ఆమె కూడా చెంపకు ఆనించుకుంది. యూనిఫారంలోనే వచ్చింది. భుజానికి టికెట్ల సంచి వేలాడుతోంది, డ్యూటీకి ఇంకా గంట టైముంది. కలప అడితిలో రంపం మిషను ఆగినప్పుడల్లా ఆమె గొంతు అవతల లారీ దింపుతున్న కూలీల దాకా వినిపిస్తోంది. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినపడేలా అరిచి అరిచి ఆ గొంతుకి తగ్గడం చేతకాకుండా పోయింది.

"చల్లగానే ఉంది. అయితే పనికిరాదా?"

"భేషుగ్గా పనికొస్తుంది. కాకపోతే ఇప్పుడే కాదు. కోసి నెల కూడా అయినట్టు లేదు. తొందరపడి బిగించామనుకోండి, ఎండకి ఆరుతూ ఆరుతూ ఒక్కో చెక్క ఒక్కో దిక్కుకి మెలి తిరుగుతుంది. నీడలో దొంతి పేర్చి, మధ్యమధ్య సన్న బద్దలు దూర్చి, గాలి ఆడనివ్వాలి. మూడు నెలలు."

"మూడు నెలలే!"

"ఆ తర్వాత ఇరవై ఏళ్ళు దాని జోలికి పోనక్కర్లేదు."

అడితి షావుకారు కుర్చీలోంచి లేవకుండానే గోడవారగా నిలబెట్టిన తెల్లటి చెక్కల వైపు చెయ్యి చూపించాడు. "అంత ఆగలేకపోతే పైన్ ఉందిగా. బాగా ఎండిన సరుకు. చిత్రిక కూడా పట్టేసి ఉంది. రేపే మొదలుపెట్టుకోవచ్చు."

మేస్త్రి ఆ వైపు చూడను కూడా చూడలేదు. "అల్మరా వెనక కొట్టడానికి బాగుంటుంది. ఆరుబయట, వానకీ ఎండకీ వేస్తే నాలుగేళ్ళు. ఐదో ఏడు కాలు పెడితే దిగబడుతుంది. బయటి పనికి నేను పైన్ ముట్టుకోనమ్మా. అదే కావాలంటే వేరే మనిషిని చూసుకోండి."

"ఆయనకీ పైన్‌కీ ముప్పై ఏళ్ళుగా మాటల్లేవు," అని షావుకారు నవ్వాడు.

కండక్టరమ్మ నవ్వలేదు. టేకు చెక్కల మీద అరచెయ్యి వేసి, గేదెను బేరం చేసేవాళ్ళు వీపు నిమిరినట్టు ఈ చివర నుంచి ఆ చివరకి నిమిరింది. పెరట్లో చెక్కతో వేసే అరుగును డెక్కు అంటారని, ఒక ప్యాసింజరు ఫోనులో బొమ్మ చూపించిందని, అది చూసినప్పటి నుంచి తనకి నిద్ర లేదని అప్పటికే రెండుసార్లు చెప్పింది. ఆపరేషనైన దగ్గర్నుంచి వాళ్ళక్క రెండు నెలలుగా వెనక గదిలో మంచం మీదే ఉంది. మంచానికి చక్రాలున్నాయి కానీ గడప దాటితే రెండు మెట్లు కిందికి. గడప ఎత్తుకి సమానంగా అరుగు వేస్తే మంచాన్ని అలాగే బయటికి తోసెయ్యొచ్చు.

"మూడు నెలలంటే మూడు నెలలే," అంది చివరికి. "అక్కకి అరవై ఆరు, నాకు యాభై ఎనిమిది. ఇద్దరికీ పళ్ళన్నీ ఊడిపోయేదాకా అక్కడే కూర్చుని పోట్లాడుకోవాలి. గట్టిదే వెయ్యండి మేస్త్రిగారూ."

*

మర్నాడు కొలతలకి వెళ్ళేసరికి కండక్టరమ్మ డ్యూటీలో ఉంది. తాళం చెవి పక్కింట్లో ఇచ్చి వెళ్ళింది. గడప కొలవాలంటే మేస్త్రి వెనక గదిలోకే వెళ్ళాలి. గోడవారగా గుడ్డ కప్పిన కుట్టుమిషను, దాని పక్కన మంచం. మంచం మీది మనిషి దుప్పటి కింద ఉందా లేదా అన్నట్టుంది. కిటికీ ఎత్తులో ఉంది. పడుకున్న చోటు నుంచి చూస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు అంచు, చారెడు ఆకాశం, అంతే.

"మా చెల్లి చెప్పిన టేకు మేస్త్రి మీరేనా?" అంది ఆమె. గొంతు మాత్రం పడుకోలేదు.

"అవునమ్మా."

"నిన్న అన్నం తింటూ గంటసేపు మీ గురించే. చెంపకు పెట్టుకుని చూస్తారటగా. నేనూ బట్టని అలాగే చూసేదాన్ని. నలభై ఏళ్ళు మిషను తొక్కాను."

మేస్త్రి గడప నుంచి నేలకి ఎత్తు కొలిచాడు. పెరటి పొడవు, వెడల్పు కొలిచి చెవి వెనక పెన్సిలు తీసి చెక్కపేడు మీద రాసుకున్నాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని మంచం చక్రాల మందం కొలిచాడు. చెక్కకీ చెక్కకీ మధ్య నీళ్ళు కారడానికి సందు వదలాలి, ఆ సందులో చక్రం ఇరుక్కోకూడదు. అగ్గిపుల్ల మందం కంటే ఎక్కువ వదలకూడదని, చెక్కలు గోడ వెంబడి అడ్డంగా పరవాలని అనుకున్నాడు.

"మీ టేపు కొక్కెం వదులైపోయింది, చూసుకోండి," అంది పెద్దావిడ పై నుంచి. "కొలత తప్పుతుంది."

"అది కావాలనే అలా వదులుగా పెడతారమ్మా. లోపలి కొలతకి లోపలికి జరుగుతుంది, బయటి కొలతకి బయటికి. కొక్కెం మందం ఎంతో అంతే ఆడుతుంది."

"చూశావా! జీవితమంతా టేపు మెడలో వేసుకు తిరిగాను, నాకిది తెలీదు." ఆమె నవ్వింది. నవ్వు మధ్యలో ఊపిరి అందక ఆగింది. కాసేపటికి, "ఎప్పటికి పూర్తవుతుంది?" అని అడిగింది.

మేస్త్రి దొంతి గురించి, బద్దల గురించి, మూడు నెలల గురించి చెప్పాడు. ఆమె నీళ్ళ ట్యాంకు వైపు చూస్తూ విన్నది.

"ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యండి," అంది.

ఇంట్లో ఇంకెవరూ లేరు. అయినా వేశాడు.

"సోమవారం చెల్లి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అది మందుల షాపు దగ్గర లైన్లో ఉన్నప్పుడు డాక్టరు నాతో చెప్పాడు. ఆ జబ్బు మళ్ళీ వచ్చింది, ఇంకా రెండు చోట్లకి పాకిందట. ఎన్నాళ్ళు అన్నాను. నసిగాడు. బాబూ, నేను టైలర్ని, డెలివరీ తేదీ చెప్పకుండా ఎవరి బట్టా తీసుకోలేదు, నువ్వూ చెప్పు అన్నాను. మూడు వారాలన్నాడు. మహా అయితే నాలుగు. నేను చెప్పేదాకా దానికి చెప్పొద్దని మాట తీసుకున్నాను."

మేస్త్రి టేపును వేలికి చుట్టాడు, విప్పాడు. "చిన్నమ్మగారికి తెలియాలి కదమ్మా."

"తెలిస్తే ఉద్యోగానికి సెలవు పెట్టి ఈ మంచం పక్కన కుర్చీ వేసుకుంటుంది. పోయేదాకా నా మొహం వంకే చూస్తూ కూర్చుంటుంది. రెండు నెలలుగా అదే పని. నిన్న కలప గురించి మాట్లాడినంతసేపూ నా వంక చూడలేదు మేస్త్రిగారూ. టేకు గొప్పా, మద్ది గొప్పా అని చేతులూపుకుంటూ మాట్లాడింది. ముద్ద కలుపుకుని తినడం మర్చిపోయింది. ఆ కాస్త దాని దగ్గర్నుంచి లాక్కోలేను."

పెరట్లో కుళాయి చుక్కలు పడుతున్న చప్పుడు.

"ఆ పైన్ అయితే ఎన్ని రోజుల పని?"

"నాలుగు రోజులు. కానీ అది నిలిచే చెక్క కాదమ్మా."

"నేను నిలిచే మనిషినా?" అంది, పొద్దున్న కాఫీ తాగారా అని అడిగినంత మామూలుగా. "ఒకాయన చొక్కా గుడ్డ ఇచ్చాడు నాకు. మంచి గుడ్డ. కాలరు బాగా రావాలని రెండుసార్లు విప్పి మళ్ళీ కుట్టాను. వారం ఆలస్యమైంది. వాళ్ళబ్బాయి వచ్చి తీసుకెళ్ళాడు. ఆ చొక్కా తొడిగే కాటికి పంపించారట ఆయన్ని. కాలరు బ్రహ్మాండంగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారట. మీరు నాకు మంచి పని చెయ్యొద్దు మేస్త్రిగారూ. తొందర పని చెయ్యండి."

"చిన్నమ్మగారు ఒప్పుకోరు. పైన్ వద్దని చెప్పింది నేనే కదా. ఇప్పుడేం చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పండి. అబద్ధం ఆడటానికి కూడా పనిముట్లు కావాలా?"

*

ఆ సాయంత్రం అతను ఇంటి ముందు మెట్టు మీద కూర్చుని ఉలి నూరుతూ ఉండిపోయాడు. ఉలి ఎప్పుడో పదునెక్కింది. భార్య రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళి, మూడోసారి పక్కన కూర్చుంది.

"ఎవరి మెడ కొయ్యడానికి?" అంది.

అతను ఉలిని గుడ్డతో తుడిచాడు. "తప్పు పని అని తెలిసి చేస్తే ఏమవుతుంది?"

"ఎవరు చెయ్యమన్నారు?"

"ఆ పని ఎవరి కోసమో వాళ్ళే."

"మరి వాళ్ళకి లేని బాధ నీకెందుకు?"

"చూసినవాళ్ళు నన్నంటారు. ఇన్నేళ్ళకి బుద్ధి గడ్డి తిన్నదంటారు."

ఆమె అతని చేతిలోంచి ఉలి తీసుకుని పెట్టెలో పెట్టింది. "అననీ," అంది. "నీకు మాత్రం పనేంటో తెలుసుగా. లేచి కాళ్ళు కడుక్కో."

ఏ పనో, ఎవరి పనో ఆమె అడగలేదు. అతను చెప్పనూ లేదు.

*

గురువారం పొద్దున్న అడితికి రమ్మని కబురు పెడితే కండక్టరమ్మ టేకు చెక్కల మీద పేరు రాయించుకోవడానికి అనుకుని వచ్చింది. మేస్త్రి పైన్ చెక్కల దగ్గర నిలబడి ఉన్నాడు. ఇరవై నాలుగు చెక్కలు ఏరి పక్కన పెట్టాడు. ముడులు తక్కువున్నవి, వంకర పోనివి, అంచులు చితకనివి. ఏరడంలో మాత్రం ఎప్పుడూ పడే శ్రమే పడ్డాడు.

"ఇవేంటి?"

"ఇవి వేసేద్దామమ్మా. కింద కట్టడానికి మద్ది దూలాలు ఎండినవి దొరికాయి. మీద మటుకు ఇవి."

"మొన్న ఇక్కడే, ఇదే చోట నిలబడి ఏమన్నారు?"

"అన్నాను. నాకు వేరే పని తగిలింది. వచ్చే వారం వెళ్ళిపోవాలి. వెళ్తే ఐదారు నెలలు రాను. ఈ నాలుగు రోజుల్లో అయితే చేసేసి పోతాను."

ఈ మాటలు ఇంటి దగ్గర నుంచి దారంతా కూడబలుక్కుంటూ వచ్చాడు. బయటికి వచ్చాక అవి ఇంకెవరివో మాటల్లా వినిపించాయి.

కండక్టరమ్మ సంచిని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. రంపం మిషను అప్పుడే ఆగింది.

"అలా చెప్పండి! పెద్ద పని తగిలింది, ఈ ఆడవాళ్ళ పని కాళ్ళకి అడ్డం పడింది. మొన్నటిదాకా ఏం కబుర్లు! చెంపకు పెట్టుకోవడాలు, చల్లగా ఉందనడాలు! నేను పిచ్చిదాన్ని, ఇంటికెళ్ళి మా అక్కకి కథలు కథలుగా చెప్పాను. ఇలాంటి మనిషి ఈ రోజుల్లో ఉండడే అని చెప్పాను."

కూలీలు పని ఆపి చూస్తున్నారు. షావుకారు ముందున్న పుస్తకంలోకి తలొంచుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ అడితిలో మేస్త్రి ఎవరి చేతా మాట పడలేదు.

"ఎన్నాళ్ళుంటుంది ఇది?" అంది ఆమె. గొంతు కాస్త దిగింది. "నాలుగేళ్ళేగా మీరన్నది? నాలుగేళ్ళకి అక్కకి డెబ్బై వస్తాయి. సరిగ్గా బయట కూర్చోవాల్సిన వయసులో అది పుచ్చిపోతుంది. అప్పుడు మళ్ళీ ఎవరి కాళ్ళు పట్టుకోను?"

మేస్త్రి చెక్క మీది ముడిని బొటనవేలితో రుద్దుతూ ఉండిపోయాడు. అది ఊడిపోయే ముడి కాదు. ఆ సంగతి అతనికి ముందే తెలుసు.

"వేసెయ్యండి," అంది. "మీరు వెళ్ళిపోతే ఇంత చిన్న పనికి ఇంకెవరూ రారు. ఏదో ఒకటి కొట్టేసి పొండి."

ఆమె వెళ్ళాక షావుకారు కళ్ళజోడు తీసి పెట్టుకుంటూ, "ఏ ఊళ్ళో తగిలిందయ్యా అంత పెద్ద పని? నాకు చెప్పనే లేదు," అన్నాడు. మేస్త్రి చెక్కల్ని తాడుతో కట్టి రిక్షా బండి మీదికి ఎత్తాడు.

*

రెండు రోజులు కింద కట్టడానికే పట్టింది. గుంతలు తీసి, సిమెంటు దిమ్మలు దించి, వాటి మీద మద్ది దూలాలు పరిచాడు. గోడ నుంచి దూరం పోయేకొద్దీ అరుగు ఒక్క వేలెడు వాలు ఉండాలి, లేకపోతే నీళ్ళు గడప కిందికే వస్తాయి. రసమట్టం పెట్టి బుడగ చూసి, దూలం కింద సన్న పేడు దూర్చి, మళ్ళీ చూశాడు. నాలుగేళ్ళ చెక్కకి ఇంత కట్టుబడి ఎందుకని తనని తానే అడిగాడు. చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోయింది.

వెనక తలుపు తెరిచే ఉండేది. పెద్దావిడ లోపల్నుంచి మాట్లాడుతూనే ఉండేది. డ్రిల్లు చప్పుడు విని మిషనుకి నూనె లేదేమో అనేది. చెక్క కొసలు కోసినప్పుడు వచ్చే పైన్ వాసన బాగుందనేది. శుక్రవారానికి మాటలు తగ్గాయి. శనివారం పొద్దున్న అతను పలకరిస్తే చెయ్యి ఎత్తింది, అంతే.

కండక్టరమ్మ అతనితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. టీ గ్లాసు తెచ్చి దూలం మీద పెట్టి వెనక్కి తిరిగి వెళ్ళిపోయేది.

శనివారం మధ్యాహ్నం రెండు గంటలకి ఆమె మొదటి షిఫ్టు దిగి వచ్చేసరికి పద్నాలుగు చెక్కలు పడ్డాయి. ఇంకా పది మిగిలాయి. గడప దగ్గర నుంచి ఆరున్నర అడుగులు తెల్లగా, కొత్తగా ఉంది. అవతల ఉత్త దూలాలు, వాటి మధ్యలోంచి మట్టి కనిపిస్తోంది.

"ఇప్పుడే," అంది పెద్దావిడ లోపల్నుంచి.

"ఇంకా కాలేదక్కా. రేపు సాయంత్రానికి మొత్తం అయిపోతుంది, అప్పుడు తీసుకెళ్తా."

"మంచం పట్టేంత అయిందా, లేదా?"

కండక్టరమ్మ మేస్త్రి వైపు చూసింది. గురువారం తర్వాత నేరుగా చూడటం అదే మొదటిసారి. అతను చక్రాలు ఆగేచోట అడ్డంగా ఒక కర్ర బిగించి, "రండి," అన్నాడు.

ఇద్దరూ చెరో వైపు పట్టారు. ముందు చక్రాలు గడప మీద ఒక్క క్షణం ఆగి, చిన్నగా ఎగిరి అవతలకి దిగాయి. చెక్కల మీద గడగడమని ఒకటే చప్పుడు. సందుల్లో చక్రం ఎక్కడా ఇరుక్కోలేదు. పెద్దావిడ రెండు చేతులతో మంచం అంచులు పట్టుకుని, రంగులరాట్నం ఎక్కిన పిల్లలా పళ్ళు బిగించి ఉంది.

బయట ఎండ పలచగా ఉంది. ఆమె గోడ, గోడ అవతల జామచెట్టు కొమ్మ, పక్కింటి దండెం మీద బట్టలు చూసింది.

"ఆ నీలం జాకెట్టు ఎవడు కుట్టాడో కానీ, వాడి చేతులు విరగ్గొట్టాలి," అంది చివరికి. "చంక దగ్గర చూడు, ఎలా లాగేసిందో."

కండక్టరమ్మ పకాల్న నవ్వింది. అరుగు అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంది. నువ్వెటు కూర్చుంటావు, నేనెటు కూర్చుంటాను అని వాదన మొదలైంది. ఎండ పొద్దున్న ఇటు వస్తుందని ఒకరు, కాదు అటని ఒకరు. పెద్దావిడ చెయ్యి మంచం పక్క నుంచి కిందికి జారి చెక్కను తాకింది. వేళ్ళు అటూ ఇటూ కదిలాయి. "నున్నగా పట్టారు," అంది మేస్త్రి వైపు చూసి. ఆ మాటలోనే నిద్రలోకి జారిపోయింది.

ఎండ జరిగి ఆమె మొహం మీదికి వచ్చింది. కండక్టరమ్మ లేచి నిలబడి, అక్క మొహానికి నీడ పడేలా అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి నొప్పెడితే ఈ చెయ్యి.

మేస్త్రి దగ్గర పదిహేనో చెక్క సిద్ధంగా ఉంది. డ్రిల్లు చేతిలోకి తీసుకుని, మళ్ళీ పక్కన పెట్టేశాడు. పెట్టెలోంచి స్క్రూడ్రైవరు తీశాడు. చేత్తో తిప్పే బరమాతో చప్పుడు కాకుండా బెజ్జం వేసి, ఒక్కొక్క స్క్రూనీ చేత్తోనే దించడం మొదలుపెట్టాడు. మద్ది దూలంలోకి చేత్తో స్క్రూ దించడమంటే మాటలు కాదు. మణికట్టు నరాలు తేలాయి, చెమట కళ్ళల్లోకి కారింది. అలా మూడు చెక్కలు బిగించాడు. గంట పైనే పట్టింది. మధ్యలో ఒకసారి తలెత్తితే కండక్టరమ్మ అతన్నే చూస్తోంది. వేరే పని తొందరలో ఉన్న మనిషి ఇలా ఎందుకు చేస్తున్నాడా అన్నట్టు చూస్తోంది. అతను తల దించుకున్నాడు.

వెళ్ళేటప్పుడు, "రేపు ఆదివారమైనా వస్తాను," అన్నాడు. ఆమె తల ఊపింది.

*

ఆదివారం అతను వచ్చేసరికి గేటు బయట చెప్పులున్నాయి. పది జతలు, పన్నెండు జతలు. ఖాకీ యూనిఫారాల్లో నలుగురు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. గేటు మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

తెల్లవారుతుండగా పోయిందని ఒకాయన మరొకాయనతో అంటున్నాడు. చెల్లెలు నీళ్ళు తాగించబోతే అప్పటికే లేదట.

మూడు వారాలన్నాడు కదా అనుకున్నాడు మేస్త్రి. మూడు వారాలన్నాడు కదా.

ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళాడు. అరుగు నిన్న వదిలినట్టే ఉంది, పదిహేడు చెక్కలు. చుట్టూ రంపపు పొట్టు, చెక్కపేళ్ళు. వచ్చినవాళ్ళు నిలబడటానికి చోటుండాలని చీపురు తీసుకుని ఊడ్చాడు. మిగిలిన చెక్కల్ని ఎవరి కాలికీ తగలకుండా గోడవారగా నిలబెట్టాడు. పడిపోయిన స్క్రూలు ఒక్కొక్కటే ఏరాడు. తెరిచిన తలుపులోంచి లోపల ఏడుపు వినిపిస్తోంది. ఆ గొంతు చివరి సీటు దాకా వినపడే గొంతు కాదు. ఎవరో చిన్నపిల్ల గొంతులా ఉంది.

*

ఆరో రోజున కబురు వచ్చింది. వెళ్ళేసరికి కండక్టరమ్మ అరుగు మీద, మంచం నిలిపిన చోట బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. వెనక గది ఖాళీగా ఉంది, మంచం అద్దెకిచ్చినవాళ్ళు తీసుకెళ్ళిపోయారు. ఆమె ముందు ఒక కాగితం ఉంది.

మేస్త్రి నిలబడే ఉన్నాడు. దారిలో అనుకున్న మాట అనేశాడు. "అమ్మా, ఈ చెక్కలు విప్పేస్తాను. ఆ టేకు ఇంకా అడితిలోనే ఉంది. ఎండేదాకా ఆగుదాం. మీరు మొదట కోరుకున్నట్టే చేసి పెడతాను. తొందరపెట్టింది నేను."

ఆమె కాగితం అతని వైపు జరిపింది. "పరుపు కింద దొరికింది. ఆసుపత్రిది. దీని మీద సోమవారం తేదీ ఉంది. మంగళవారం మీరు టేకు అన్నారు. బుధవారం కొలతలకి వచ్చారు. గురువారం చెక్క మారింది. పాసుల మీద తేదీలు చూడటమే నా ఉద్యోగం మేస్త్రిగారూ." కాగితాన్ని మడిచింది. "మీకు చెప్పింది కదూ?"

అతను అవునన్నట్టు తల ఊపాడు.

"నాకు చెప్పలేదు. అంతకు ముందు మిమ్మల్ని చూసింది కూడా లేదు. చెక్కపని చేసే మనిషికి చెప్పింది, ఒక్క కడుపున పుట్టినదానికి చెప్పలేదు." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "నేను ఆ నాలుగు రోజులూ డ్యూటీకి వెళ్ళాను. టికెట్లు కొట్టాను. చిల్లర కోసం పోట్లాడాను. ఇంట్లో ఉండేదాన్ని కదా."

మేస్త్రి అరుగు చివర కూర్చున్నాడు. పెద్దావిడ అన్నదాంట్లో ఒక్క ముక్క పోకుండా చెప్పాడు. డాక్టరుని తేదీ అడగడం, చొక్కా సంగతి, అన్నం ముందు చేతులూపుకుంటూ కలప గురించి మాట్లాడటం. "ఆ కాస్త దాని దగ్గర్నుంచి లాక్కోలేను అన్నారమ్మా."

కండక్టరమ్మ విన్నది. "టేకు గొప్పా, మద్ది గొప్పా," అని పైకి అంది. నవ్వబోయింది. నవ్వు రాలేదు. రెండు చేతుల్లో మొహం దాచుకుంది. మేస్త్రి జామకొమ్మ వైపు తల తిప్పుకుని కూర్చున్నాడు.

చాలాసేపటికి ఆమె మొహం తుడుచుకుని, "అడితిలో అందరి ముందూ నోటికొచ్చినట్టు అన్నాను," అంది.

"అడితిలో మాటలు పొట్టుతో పాటే ఊడ్చేస్తారమ్మా."

"ఆ వేరే పని?"

"లేదు."

ఆమె తల ఊపింది. గోడకి నిలబెట్టిన చెక్కలు చూపించింది. "వాటిని వేసెయ్యండి."

"పైన్‌తోనేనా? నాలుగేళ్ళమ్మా. నేను అబద్ధం చెప్పను. టేకు అయితే ఇరవై..."

"ఇరవై ఏళ్ళు నేనొక్కదాన్నే కూర్చోవాలా ఇక్కడ?"

లేచి పెట్టె తెరిచాడు.

ఆమె లేచి వచ్చి ప్రతి చెక్కకీ అవతలి కొస పట్టుకుంది. అగ్గిపుల్లలు సందులో పెట్టి, చెక్కను ఆనించి, స్క్రూ బిగించాక తీసెయ్యాలని రెండో చెక్కకే నేర్చుకుంది. ఆఖరి చెక్కను నిలువునా రెండంగుళాలు కొయ్యాల్సి వచ్చింది. కోసినంతసేపూ ఆ కొస కదలకుండా పట్టుకుంది. నాలుగు గంటలకి పని అయిపోయింది. ఆమె మళ్ళీ వెళ్ళి మంచం నిలిపిన చోటే కూర్చుంది.

మేస్త్రి సంచిలోంచి నూనె డబ్బా తీశాడు. "నూనె పట్టిస్తే ఇంకొన్నాళ్ళు ఆగుతుంది. రెండు పూతలైతే ఇంకా. పట్టించమంటారా?"

ఆమె ఆలోచించింది. పక్కింటి దండెం మీద ఇవాళ బట్టలు లేవు.

"ఒక్క పూత వెయ్యండి," అంది. "రెండోది వద్దు."

అతను అవతలి అంచు నుంచి మొదలుపెట్టాడు. బ్రష్షు వెళ్ళిన మేర తెల్లటి చెక్క తేనె రంగులోకి తిరిగి గీతలన్నీ పైకి తేలాయి. ఒక్కో చెక్కా ముగించుకుంటూ వెనక్కి జరుగుతూ ఆమె దాకా వచ్చాడు. ఆమె లేవలేదు. లేవమని అతనూ అనలేదు. ఆమె చుట్టూ పూత వేసి, ఆమె కూర్చున్న మేర పొడిగా వదిలేసి, డబ్బా మూత బిగించాడు.